రాగుండ పుస్తకానికి మూడు కుట్లు

అమెరికా నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ప్రతివాళ్ళూ నయాగరా గురించే అడుగుతున్నారు. చూశాను. నీళ్ళు చాలా ఉన్నాయి. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి అన్ని నీళ్ళు ఎవరికీ కాకుండా కిందికి దూకుతుంటే కడుపు తరుక్కుపోతుంది. పక్కన నిలబడి మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. నేను ఎన్ని చెరువులు నిండుతాయో అంచనా వేసుకున్నాను. అంతటితో నయాగరా అయిపోయింది.

నేను రాయదలచుకున్నది మనవాళ్ళెవరూ వెళ్ళని ఒక చోటు గురించి. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, అడవుల మధ్య, రాగుండ అనే టౌన్‌షిప్. 1986 అక్టోబరులో నాలుగు రోజుల ప్రయాణం.

ముందు నా సంగతి చెప్పాలి. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మా తాలూకాకు ఆఖరి తాసిల్దారును నేనే. ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరయ్యాను.

విమానం ఎక్కడానికి వారం ముందు తిమ్మక్క అనే ఆమె మా ఇంటికి వచ్చింది. అరవై దాటిన మనిషి. వాళ్ళ ముత్తాత చెరువు తూము కాసే నీరుగంటి. ఆ పనికి ఇనాముగా ఇచ్చిన మూడెకరాల చేను మీదే ఆమె బతుకు. పక్క చేనివాడు ఇది నీది కాదు పొమ్మన్నాడు. ఆమెదేనని చెప్పే నమోదు పాత తాలూకా ఇనాం రిజిస్టరులో ఒకే ఒక్క చోట ఉంది. తాలూకా మూడు మండలాలైంది కదా, ఆమె మూడు ఆఫీసులూ తిరిగింది. మూడు చోట్లా లేదన్నారు.

“సారూ, ఈడికి పోతే ఆడికి పో అంటాండారు. ఆడికి పోతే మల్లా ఈడికే పో అంటాండారు. నీకు తెలీకుండా ఆ కాగితం యాడికి పోతాది సారూ?” అంది.

“అమెరికా నుంచి రాగానే చూస్తాలేమ్మా” అన్నాను. అన్నేళ్ళ సర్వీసులో అలాంటి మాటలు నోటికి అలవాటైపోతాయి. నిజం చెప్పాలంటే ఆ కాగితం కనబడకుండా పోవడానికి కారణం నేనే. ఎలాగో చోటు వచ్చినప్పుడు చెబుతాను. ఆ ముసలామె మాట మాత్రం విమానంలోనూ నన్ను వదల్లేదు, నయాగరా హోరులోనూ వదల్లేదు.

నోవై

నోవై డెట్రాయిట్‌కు దగ్గర. మా బావమరిది అక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఊళ్ళో ఇళ్ళున్నాయి, రోడ్లున్నాయి, మనుషులు మాత్రం కార్లలోనే కనబడతారు. ఒకరోజు పొద్దున నడుద్దామని రోడ్డు మీదికి వెళ్తే ఒకాయన కారు ఆపి, మీ బండి చెడిపోయిందా, ఎక్కడైనా దింపమంటారా అని అడిగాడు. ఊరికే నడుస్తున్నానంటే నమ్మలేదు పాపం.

బావమరిది కూతురు సుజాత అక్కడే పుట్టి పెరిగింది. ఇరవై ఏళ్ళు. యూనివర్సిటీలో స్థానిక పరిపాలన చదువుతోంది. అక్కడ జిల్లాలాంటిది కౌంటీ, దాని కింద మన పంచాయతీలాంటిది టౌన్‌షిప్. రాగుండ టౌన్‌షిప్‌లో అరవై మంది కూడా మిగల్లేదట. అందుకని ఊరి మధ్యగా పారే ఏటికి ఉత్తరాన ఉన్న సగాన్ని ఒక టౌన్‌షిప్‌లో, దక్షిణాన ఉన్న సగాన్ని మరొక దానిలో కలిపేస్తున్నారు. శనివారం ఆఖరి మీటింగు. సుజాత అది చూసి కాలేజీకి వ్యాసం రాయాలి.

“అంత దూరం ఒక్కదానివే ఎట్లా పోతావే?” అంది వాళ్ళమ్మ.

“మమ్మీ, ఐ యామ్ ట్వెంటీ! నేను డ్రైవ్ చేస్తాను, మోటెల్ బుక్ చేశాను. ఇట్స్ ఫైన్.”

“ఏం ఫైనో. మామయ్యను తీసుకుపో.”

ఒక పాలనా విభాగాన్ని ఎలా మూసేస్తారో చూడాలని నాకు లోలోపల ఆత్రంగానే ఉంది. పిల్లకు తోడు అన్న మాట దొరికింది కదా, పెద్దరికంగా తలూపి, గురువారం పొద్దున మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో కారెక్కాను.

అయిదు మైళ్ళ వంతెన

మిషిగన్ రాష్ట్రం రెండు ముక్కలు. మధ్యలో సముద్రంలాంటి సరస్సులు. రెండింటినీ కలుపుతూ అయిదు మైళ్ళ పొడవున వేలాడే వంతెన ఉంది. ఎక్కడానికి ఒకటిన్నర డాలరు.

“పద్దెనిమిది రూపాయలకు పైనే” అన్నాను.

“మామయ్యా, ప్లీజ్. మల్టిప్లై చేయకండి. మీరు ఏమీ ఎంజాయ్ చేయలేరు.”

దాని మాటా నిజమే. నోవైలో కొత్తిమీర కట్ట ధర రూపాయల్లోకి మార్చి, ఆ పూట పచ్చడి తినడం మానేసినవాణ్ణి నేను.

వంతెన మధ్య దారి ఇనుప జాలీతో వేశారు. కిందికి చూస్తే నీళ్ళు కనబడతాయి. సుజాత కావాలనే ఆ దారిలో నడిపింది. చక్రాల కింద జాలీ గుంయ్‌మని మోగుతోంది. నేను డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని, పక్క దారిలోకి మార్చమ్మా తల్లీ అని బతిమాలాను. భయపడేవాళ్ళ కోసం వంతెన వాళ్ళే డ్రైవరును ఇస్తారని, వచ్చేటప్పుడు నన్ను ఆ డ్రైవరుకు అప్పజెబుతానని అది నవ్వింది. వాళ్ళ నాన్న పోలికే, పెద్దాచిన్నా లేదు.

మాంసం లేని పాస్టీ

వంతెన దాటాక లోకం మారిపోయింది. ఊళ్ళు పలచబడ్డాయి. ఆకులు రాలే ముందు ఎరుపూ పసుపూ రంగుల్లోకి తిరిగిన అడవి గంటల తరబడి పక్కనే వచ్చింది. ఆ రాత్రికి మోటెల్‌లో ఉండి, శుక్రవారం మధ్యాహ్నం రోడ్డు పక్క ఒక చిన్న అంగడి దగ్గర ఆగాం. పులిహోర గురువారమే అయిపోయింది.

అక్కడ అందరూ తినేది పాస్టీ. మన కజ్జికాయను అరచేతికి సరిపడా పెంచితే అదే పాస్టీ, అంచు మడత కూడా అలాగే వేస్తారు. లోపల మాత్రం గొడ్డుమాంసం. నేను మాంసం తిననని సుజాత చెప్పింది.

“డాక్టరు వద్దన్నాడా?” అని అంగడావిడ నన్ను జాలిగా చూసింది.

“లేదండీ, పుట్టినప్పటి నుంచీ అంతే.”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, ఇరవై నిమిషాలు కూర్చోమని, ఆలుగడ్డ, ఉల్లిపాయ, ముల్లంగిలాంటి ఏదో దుంప వేసి నా ఒక్కడి కోసం పాస్టీ చేసి తెచ్చింది. మిరియాలు కూడా దంచి వేసింది. డబ్బులు తీసుకోనంది. మాంసం లేనిదానికి డబ్బు పుచ్చుకుంటే తనకు పేరు పోతుందట. పైపిండిలో ఏ కొవ్వు కలిపిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. దేవుడి దయవల్ల రుచిగా ఉంది.

రాగుండ

రాగుండ అన్న పేరు విని మన కరీంనగర్ వైపు ఊరేమో అనుకునేరు. స్వీడన్ దేశంలో యెమ్ట్‌లాండ్ అనే కౌంటీ ఉంది, అందులో ఒక ఊరు పేరు అది. ఆ ఊరివాళ్ళు వందేళ్ళ కిందట ఇక్కడికొచ్చి, అడవి కొట్టి, ఊరు కట్టుకుని పాత పేరే పెట్టుకున్నారు. పొలాలకు రాళ్ళ గట్లు, ఎర్ర రంగు వేసిన పశువుల కొట్టాలు, ఒక చర్చి, తెల్ల చెక్కల టౌన్‌హాలు, అంతే. నాలుగిళ్ళలో ఒకటి తాళం వేసి ఉంది.

మాకు తన ఇంట్లో బస ఇచ్చినావిడ ఆల్మా. డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ టౌన్‌షిప్‌కు క్లర్కు. క్లర్కంటే మన గుమాస్తా అనుకోకండి, అక్కడ జనం ఓటు వేసి ఎన్నుకుంటారు. రికార్డులన్నీ ఆవిడవే. మొన్నమొన్నటిదాకా మన కరణాలు చేసిన పని. మన దగ్గర కరణాల పదవులు ఒక్క ఆర్డరుతో పోయాయి, ఆవిడ పదవి ఆ శనివారంతో పోబోతోంది. సుజాత నా ఉద్యోగం గురించి ముందే ఉత్తరంలో రాసినట్టుంది, ఆల్మా నన్ను అతిథిలా చూడలేదు, తనిఖీకి వచ్చిన పై అధికారిలా చూసింది. నాకు అది బాగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం వంటింట్లో కాఫీ ఇచ్చింది. తేనె రంగులో, చేదు లేకుండా, అంత తేటైన కాఫీ నేనెప్పుడూ తాగలేదు. మూడు కప్పులు తాగాను. యాలకుల పొడి వేసిన బన్ను కూడా పెట్టింది. యాలకులు వాళ్ళకెలా తెలుసని అడిగితే, స్వీడన్‌లో ఇవి లేని పండగ లేదని, మీకెలా తెలుసని ఆవిడే నన్ను అడిగింది.

గోడ మీద అద్దం కట్టించిన పాత కాగితం ఒకటి ఉంది. ఆల్మా తాతది.

“మా దేశంలో ఊరి పాదిరి చేతిలో పుస్తకం ఉండేది” అంది ఆల్మా. “ఏటా ఇంటింటికీ వచ్చి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరికి చదవడం వచ్చు అని రాసుకునేవాడు. ఊరు మారాలంటే ఆయన ఇచ్చిన కాగితం పట్టుకుని వెళ్ళాల్సిందే. ఇది మా తాత తెచ్చుకున్న కాగితం.”

సుజాత అడిగితే చదివి చెప్పింది. చదువు బాగుంది. నడవడిలో నింద లేదు. మశూచి టీకా వేయించుకున్నాడు. నేను ఎంతమందికి నివాస ధ్రువపత్రాలు రాసిచ్చానో, నడవడిలో నింద లేదని ఒక్కరికీ రాయలేదు.

యెమ్ట్‌లాండ్ గురించి ఆల్మాకు వాళ్ళ అమ్మమ్మ చెప్పినదంతా జ్ఞాపకం ఉంది. నేల చూస్తే బారెడు, జనం చూస్తే పిడికెడు. మొదట నార్వే రాజు కింద ఉండేది. మూడువందల నలభై ఏళ్ళ కిందట రెండు దేశాలు కొట్టుకుని, సంధి చేసుకుని, దాన్ని స్వీడన్‌కు రాసిచ్చేశాయి.

“మా అమ్మమ్మ అనేది, పొద్దున లేచేసరికి రాజు మారాడు, ఆవులు మాత్రం అవే అని.”

“మా జిల్లాదీ ఇదే కథండీ” అన్నాను. “నిజాం నవాబు మా ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలని పేరు కూడా పెట్టారు. మమ్మల్నీ ఎవరూ అడగలేదు.”

“ఆ తర్వాత చాలాకాలం మమ్మల్ని ఎక్కడో సముద్రం ఒడ్డున కూర్చున్న గవర్నరు పాలించాడు” అంది ఆల్మా. “ పద్దెనిమిది వందల పదిలో గానీ మాకు సొంత కౌంటీ రాలేదు. అర్జీ పెట్టుకోవాలంటే మంచుబండి మీద రోజుల ప్రయాణం.”

“అర్జీ పెట్టాక?”

“రేపు రమ్మనేవారు.”

నేను గట్టిగా నవ్వాను. ఆ ఒక్క మాటతో స్వీడన్ నాకు పూర్తిగా అర్థమైంది.

ఇంకొకటి చెప్పింది. వాళ్ళ పాత రాగుండలో పెద్ద సరస్సు ఉండేదట. దాని చివర జలపాతం. అడవిలో కొట్టి నీళ్ళలో వదిలిన దుంగలు ఆ జలపాతంలో పడి విరిగిపోతున్నాయని, పక్కగా ఒక చిన్న కాలువ తవ్వారు. వరదొచ్చింది. నీళ్ళు ఆ కాలువను కోసుకుంటూ పోయి, నాలుగు గంటల్లో సరస్సంతా ఖాళీ అయింది. ఇది జరిగి రెండువందల ఏళ్ళు కావస్తోంది. జలపాతం ఈనాటికీ ఎండిన బండలే.

“ఎవరి మీద ఎంక్వైరీ వేశారు?” అని అడిగాను, పాత అలవాటు పోక.

“ఆ మనిషి మంచికే చేశాడు” అంది ఆల్మా. “అదే కదా తంటా.”



గుడ్డు

శనివారం పొద్దున కాఫీ పొడి వాసనకు మెలకువ వచ్చింది. అంత మంచి కాఫీ ఎలా చేస్తారో నేర్చుకుని మా ఆవిడను ఆశ్చర్యపరచాలని వంటింట్లోకి వెళ్ళాను. ఆల్మా గిన్నెలో కాఫీ పొడి వేసింది. ఒక కోడిగుడ్డు తీసుకుని పెంకుతో సహా అందులో చిదిమింది. బాగా కలిపి మరుగుతున్న నీళ్ళలో పోసింది. మడ్డి అంతా గుడ్డుకు అంటుకుని కాఫీ తేటగా వస్తుందట.

నిన్న నేను ఇదే మూడు కప్పులు తాగాను. నా ముఖం చూసి సుజాతకు విషయం అర్థమైంది.

“ఓ మై గాడ్! మామయ్యా, మీరు గుడ్డు...” అని నోరు మూసుకుంది. నవ్వు ఆపుకోవడానికి వెళ్ళి కిటికీలోంచి అడవిని చూసింది.

“అత్తయ్యకు చెప్పకు” అన్నాను. ఇప్పుడు ఇందులో రాసేశాను కాబట్టి ఆవిడకూ తెలిసిపోతుంది.

ఆ పూట నీళ్ళు చాలన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాక బల్ల మీద ఉన్నది చూశాను.

ఆరు పెద్ద పుస్తకాలు. తోలు అట్టలు. మొదటి దాని వెన్ను ఊడదీసి ఉంది. పాత దారం ముక్కలు ఒక పక్క కుప్పగా ఉన్నాయి. పక్కన చేపలు కోసే సన్నకత్తి.

“ఏం చేస్తున్నారు?” అన్నాను.

“ఇవి మొదటి మీటింగు నుంచి మా టౌన్‌షిప్ పుస్తకాలు. ఉత్తరం ఒడ్డు వాళ్ళ రికార్డు ఉత్తరానికి, దక్షిణం వాళ్ళది దక్షిణానికి ఇవ్వాలని కౌంటీ నుంచి కాగితం వచ్చింది. మధ్యాహ్నం మీటింగులో అప్పజెప్పాలి. అందుకని విడదీస్తున్నాను. తెల్లవారిన దగ్గర్నుంచీ ఇదే పని.”

నేను ఒక కాగితం తీసి చూశాను. ఒక పక్క ఉత్తరం ఒడ్డున ఎవరిదో రోడ్డు మరమ్మతు పని వంతు. తిప్పితే దక్షిణం ఒడ్డున ఇద్దరు రైతుల కంచె తగాదా, ఊరు పంపిన మధ్యవర్తులు చెప్పిన తీర్పు, కింద ముగ్గురి సంతకాలు.

“ముందూ వెనకా ఇద్దరివీ ఉన్నవాటిని ఏం చేస్తారు?”

“ముందు వైపు ఎవరిదైతే వాళ్ళకు ఇస్తాను” అంది ఆల్మా. “మరెలా?”

సరిగ్గా ఇదే మాట, ఇదే అక్షరాలతో, నేను ఆర్డరుగా రాశాను.

చోటు వచ్చినప్పుడు చెబుతానన్నది ఇదే. మా తాలూకాను మూడు మండలాలు చేసినప్పుడు సంబంధిత రికార్డులు సంబంధిత మండలాలకు పంపాలని సర్క్యులర్ వచ్చింది. పుస్తకాలు కోయమని అందులో లేదు. ఇనాం రిజిస్టరు ఒకటే పెద్ద పుస్తకం, వరుసగా అన్ని ఊళ్ళూ అందులోనే ఉంటాయి. ఎవరికి ఇవ్వాలో తేలక మిగతా తాసిల్దార్లు మూలన పడేశారు. నేను మాత్రం పని పెండింగు పెట్టే మనిషిని కాదు కదా! అటెండరును పిలిచి, కుట్లు విప్పించి, ఊరి వారీగా కాగితాలు మూడు కట్టలు కట్టించాను. వెనక వైపు వేరే ఊరు వస్తే ముందు వైపు ఊరి లెక్కనే పంపమన్నాను. జిల్లాలో అందరికంటే ముందు రికార్డులు అప్పజెప్పిన తాలూకా మాదేనని కలెక్టరు గారు మెచ్చుకున్నారు కూడా.

ఇదంతా ఆల్మాకు చెప్పాను. తిమ్మక్క సంగతీ చెప్పాను. ఆమె వచ్చి అడిగేదాకా నేను చేసింది తప్పని నాకు తట్టలేదనీ, తట్టాక మూడు ఆఫీసుల్లో ఏ గుమాస్తా ముందు నిలబడి ఆ మాట ఒప్పుకోవాలో తెలియక అమెరికా ప్రయాణాన్ని అడ్డం పెట్టుకున్నాననీ చెప్పాను. మా ఆవిడకు కూడా చెప్పని విషయం.

“సో షి లాస్ట్ హర్ ల్యాండ్?” అంది సుజాత మెల్లగా.

“ఇంకా పోలేదమ్మా. పోయేట్టుంది.”

ఆల్మా కత్తి తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది.

మూడు కుట్లు

సుజాతే దారి చెప్పింది. పుస్తకాలన్నీ కలిపి కౌంటీ ఆఫీసులో ఉంచి, జెరాక్స్ తీసి రెండు టౌన్‌షిప్‌లకూ ఇస్తే సరిపోదా అని. జెరాక్స్ మెషిను నలభై మైళ్ళ దూరంలో కౌంటీ ఆఫీసులోనే ఉంది. ఆల్మా అక్కడి అధికారి ఇంటికి ఫోన్ చేసింది. ఆయన పడవకు రంగు వేసుకుంటున్నాడట. మీ ఇష్టం, ముట్టినట్టు ఎవరో ఒకరు సంతకం పెడితే చాలన్నాడు. ఆల్మా ఫోను పెట్టేసి, మూడు వారాలుగా ఈ పని తలుచుకుని తనకు నిద్ర లేదంది. నాకు సర్క్యులర్ పంపిన అధికారి కూడా ఆ రోజు ఏ రంగు వేసుకుంటున్నాడో.

విప్పిన పుస్తకం మిగిలింది. మీటింగు రెండు గంటలకు.

“మీ ఇంట్లో దబ్బనం ఉందా?” అని అడగబోయి, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, గోనెసంచి కుట్టే సూది అని చేతులతో చూపించాను. ఆల్మా వెళ్ళి చనిపోయిన భర్త పెట్టెలోంచి తెచ్చింది. గుర్రాల జీను కుట్టే సూది. మొన ఒకవైపు కొంచెం వంగింది. దానితోపాటు మైనం పూసిన దారపుండ.

తాలూకా ఆఫీసులో నేను చేరిన కొత్తలో రికార్డు రూము ముసలి అటెండరు నేర్పిన విద్య అది. మూడు రంధ్రాలు. ముందు మధ్యలో దించాలి, తర్వాత పైన, తర్వాత కింద, మళ్ళీ మధ్యలోకి తెచ్చి ముడి. తాసిల్దారునయ్యాక ఎవరితోనో చేయించేవాణ్ణి గానీ చేతులు మరిచిపోలేదు. ఆల్మా కాగితాలు వరుస చూసి అందించింది. సుజాత అంచులు సమంగా పట్టుకుంది. మొదటి పేజీలు స్వీడిష్‌లో ఉన్నాయి. అవి అందించేటప్పుడు ఆవిడ చేయి ఒక్కో పేజీ మీదా కొంచెం ఆగింది.

“మామయ్యా, యు ఆర్ రియల్లీ గుడ్ ఎట్ దిస్” అంది సుజాత.

రాష్ట్ర ప్రభుత్వం నాకు రెండు ప్రశంసాపత్రాలు ఇచ్చింది. ఈ మాట వాటికంటే బాగుంది.

ఆఖరి మీటింగు

టౌన్‌హాల్లో కట్టెల పొయ్యి రాజేశారు. ఇరవై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది ముసలివాళ్ళు. సూపర్‌వైజరు అంటే వాళ్ళ సర్పంచి, రాయ్ అనే దుంగల కోత పనివాడు, పొద్దున గడ్డం గీసుకుని తెల్లచొక్కా వేసుకొచ్చాడు. పుస్తకాలు విడదీయకుండా కౌంటీకి ఇవ్వాలని ఆల్మా ప్రతిపాదించింది. కారణం చెప్పమన్నారు. ఆవిడ నా వైపు చూసింది.

నేను లేచి రెండు ముక్కలు చెప్పాను. మా జిల్లాలో ఒకాయన ఇలాంటి పుస్తకమే కోయించాడని, ఒక ముసలామె ఇప్పటికీ ఒక కాగితం కోసం తిరుగుతోందని. ఆ ఒకాయన ఎవరో చెప్పాలా వద్దా అని తటపటాయించాను. తర్వాత చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో ఒకావిడ, ఆ ముసలామె పేరేమిటని అడిగింది. తిమ్మక్క అన్నాను. ఇద్దరు ముగ్గురు ఆ పేరు పలికి చూసుకున్నారు.

అందరూ సరేనన్నారు. ఉత్తరం ఒడ్డు, దక్షిణం ఒడ్డు, తేడా లేకుండా. రాయ్ సుత్తితో బల్ల మీద ఒక్కసారి కొట్టి, అంతే ఇక అన్నాడు. రాగుండ టౌన్‌షిప్ అయిపోయింది. పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది.

ఆల్మా మీటింగు పుస్తకంలో ఆఖరి పేరా రాసి, హాజరైన అతిథుల కింద మా ఇద్దరి పేర్లూ రాయమంది. నా జేబులో పచ్చసిరా పెన్ను ఉంది. గెజిటెడు అధికారులు సంతకం పెట్టే పెన్ను, రిటైరయ్యాక కూడా జేబులోంచి తీయలేదు. చేయి దాని మీదికే పోయింది. మళ్ళీ ఆగి, ఆల్మా పెన్నే అడిగి నీలం సిరాతో రాశాను.

అందరికీ కాఫీ పోశారు, గుడ్డు కాఫీ. ఆల్మా నాకు వేరే కప్పు తెచ్చి, ఇందులో గుడ్డు లేదని చెవిలో చెప్పింది. చేదుగా, మడ్డిగా ఉంది. రెండు కప్పులు తాగాను.

ఆదివారం పొద్దున బయలుదేరేటప్పుడు ఆవిడ ఆ సూదిని చిన్న ఉన్నిగుడ్డలో గుచ్చి నా చేతిలో పెట్టింది. “మీకు అక్కడ పని ఉంది కదా” అంది. వంతెన మీద సుజాత అడగకుండానే పక్క దారిలో నడిపింది.

మళ్ళీ అనంతపురం

డిసెంబరులో వచ్చాం. మర్నాడే కలెక్టరాఫీసుకు వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళు అర్జీలు పుచ్చుకున్న చేత్తో మొదటిసారి అర్జీ రాశాను. ఇనాం రిజిస్టరును కోయించింది నేనేననీ, మూడు మండలాల్లోని కాగితాలూ ఒకచోటికి తెప్పిస్తే నా చేతులతో కుట్టి ఇస్తాననీ. తిమ్మక్కను కూడా రమ్మన్నాను. బయట బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

“నువ్వు లోపలికి పోలేదా సారూ?”

“పిలిస్తే పోవాలమ్మా.”

ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. రేపు రమ్మన్నారు. నాకు యెమ్ట్‌లాండ్ గుర్తొచ్చింది. మర్నాడు వెళ్ళాం. ఆ తర్వాతా వెళ్ళాం. ఏడోసారికి ఆర్డరు వచ్చింది.

మూడు కట్టలూ ఒక మండలాఫీసు వరండాలో పరిచాను. వరుస పెట్టడానికి రెండు రోజులు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం తిమ్మక్క ఊరి పేజీ దొరికింది. మూడో మండలం కట్టలో ఉంది, పైన వేరే ఊరి పేరు ఉన్న కాగితానికి వెనక. ముత్తాత పేరు, తూము పేరు, మూడెకరాల హద్దులు, అన్నీ ఉన్నాయి. ఆమెకు చదవడం రాదు. ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. చాలాసేపు వేలు తీయలేదు.

ఎమ్మార్వో నకలు రాయించి సంతకం పెట్టాడు. నేను సూదిలో దారం ఎక్కించి మధ్య రంధ్రంలో దించుతుంటే తిమ్మక్క ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

“అయితే సారూ, ఇన్నాళ్ళూ ఎవరన్నా ఈ కాగితం తిప్పి చూసుంటే సరిపోయేదా?” అంది.

“సరిపోయేదమ్మా” అన్నాను.